సాత్విక్ జోడీ మీద మనకెన్ని పాయింట్లు?

"ఏడు" అన్నారు రాజుగారు. "గేముకి ఏడు పాయింట్లు. అంతకు తగ్గితే రేపటినుంచి రాకెట్ పట్టను."

"రెండు" అన్నారు మాస్టారు. "ఆ రెండూ వాళ్లు పొరపాటున నెట్‌కి కొట్టుకున్నవే అయ్యుంటాయి."

పందెం ఇదీ. అమలాపురంలో పొద్దున్నే షటిల్ ఆడే తమ బృందంలోంచి అందరికన్నా గట్టి జోడీని ఏరి, సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి, చిరాగ్ శెట్టిల ఎదురుగా నిలబెడితే 21 పాయింట్ల గేములో మనవాళ్లకి ఎన్ని వస్తాయి? కోర్టులో తేలే పందెం కాదు కాబట్టి టీ కొట్టు దగ్గర తేల్చుకోవాల్సిందే. రాజుగారు రొయ్యల చెరువుల ఆసామి. యాభై దాటినా బృందంలో స్మాష్ అంటే ఇప్పటికీ ఆయనదే. మాస్టారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఊలు బంతితో బాల్ బ్యాడ్మింటన్ ఆడించిన రోజులనుంచి ప్లాస్టిక్ కాకుల (షటిల్‌కాక్‌ల) కాలం దాకా ఆయన చేతికింద ఆడిన పిల్లలు జిల్లా అంతటా ఉన్నారు. ఒప్పెవరిదన్నది అలా ఉంచి, వాదన మాత్రం వినదగ్గది. "వాడు కొట్టింది నేనూ కొట్టేవాణ్ణే" అనుకునే రాజుగారు టీవీ ముందు కూర్చున్న ప్రతివాడిలోనూ ఒకరుంటారు.

"ఆ కుర్రాడేం ఆకాశంలోంచి ఊడిపడలేదు కదండీ" అని రాజుగారు అందుకున్నారు. "2000 ఆగస్టులో ఈ ఊళ్లోనే పుట్టాడు. వాళ్ల నాన్న కాశీవిశ్వనాథంగారు మీలాగే వ్యాయామం మాస్టారు. ఇంట్లోవాళ్లు ఆడుతుంటే చూసి రాకెట్ పట్టినవాడు. ఇటు రావులపాలెం చూడండి. కిదాంబి శ్రీకాంత్ అక్కడివాడు. 2018 ఏప్రిల్‌లో సింగిల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. 2023 అక్టోబరులో మనవాడూ, ఆ ముంబయి కుర్రాడూ డబుల్స్‌లో నంబర్ వన్ అయ్యారు. అమలాపురానికీ రావులపాలేనికీ మధ్య నలభై కిలోమీటర్లు లేదు. అంత అపురూపమైన సరుకే అయితే నలభై కిలోమీటర్లలో రెండు దొరుకుతాయా? ఆటలో దమ్మున్నవాళ్లు మన దగ్గర బోలెడుమందండి. ఇద్దరికి దారి దొరికింది. మిగతావాళ్లు కొబ్బరితోటల్లోనూ చెరువుగట్ల మీదా ఉండిపోయారు."

"దొరకడం వేరు, తయారవడం వేరు" అన్నారు మాస్టారు. "శ్రీకాంత్ 2009లో గచ్చిబౌలిలోని గోపీచంద్ అకాడమీకి వెళ్లాడు. సాత్విక్ 2014లో వెళ్లాడు. శ్రీకాంత్ మొదట డబుల్స్ ఆటగాడు. నువ్వు సింగిల్స్ ఆడు అన్నది గోపీచంద్. 2014 నవంబరులో చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్‌ని వాళ్ల దేశంలో, వాళ్ల జనం ముందు 21-19, 21-17తో ఓడించాడు. అంటే గచ్చిబౌలిలో అయిదేళ్లు పట్టింది. ఆ అయిదేళ్లూ రోజూ అక్కడ ఏం జరిగిందో మనం చూడలేదు. కప్పు పట్టుకున్న ఫొటో చూశాం."

"నేననేదీ అదే!" రాజుగారు గ్లాసు కింద పెట్టేశారు. "ముప్పై కౌంటు రొయ్యా, వంద కౌంటు రొయ్యా ఒకే హేచరీ పిల్లలండి. తేడా అంతా మేతలోనూ నీటిలోనూ ఉంటుంది. ఆ పిల్లలకి అక్కడ మంచి మేత పడింది. మా కుర్రాళ్లకి పడలేదు. ఇందులో మానవాతీతం ఏవుందీ?"

కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటూ పెద్దది. కోనసీమవాళ్లకి ఈ లెక్క చెప్పక్కర్లేదు.

"ఒకే చెరువు, ఒకే మేత, ఒకే నీరు" అన్నారు మాస్టారు నెమ్మదిగా. "పట్టుబడి రోజున అన్నీ ఒకే కౌంటు వస్తున్నాయాండీ మీకు?"

రాజుగారు గ్లాసు మళ్లీ తీసుకున్నారు. ఆ అకాడమీలో అదే మేత తిన్నవాళ్లు వందలమంది. ప్రపంచంలో మొదటి పదిలోకి వెళ్లినవాళ్లని మాత్రం వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఇది మాస్టారు పైకి అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

ఆ దెబ్బకి తగ్గే మనిషి కాదు రాజుగారు. దారి మార్చారు.

"సరే, ఆ 565 సంగతి చెప్పండి. సాత్విక్‌ది గంటకి 565 కిలోమీటర్ల స్మాష్ అని గిన్నిస్‌వాళ్లు రాసుకున్నారు. ఊరంతా సంబరం. అది మ్యాచ్‌లో కొట్టిందా? కాదు. జపాన్‌లో రాకెట్ల కంపెనీవాళ్ల జిమ్నాజియంలో, 2023 ఏప్రిల్ 14న, ఎదురుగా ప్రత్యర్థి లేకుండా, ఎవరో కాకు ఎత్తి ఇస్తుంటే కొట్టింది. అంతకుముందు 493 కొట్టిన మలేసియావాడు టాన్ బూన్ హియాంగ్‌దీ అలాంటి లెక్కే. నిజం మ్యాచ్‌లో వేగం కొలిస్తే, 2017లో మన ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్‌లో డెన్మార్క్ కుర్రాడు కోల్డింగ్ కొట్టింది 426. ఎక్కడ 565, ఎక్కడ 426! పేపర్లో పడ్డ అంకె చూసి మనం బెదిరిపోవడం ఎందుకండీ?"

మాస్టారు ఎదురు చెప్తారనుకుంటే తలూపారు. "నిజమే. ఆ అంకెని పట్టించుకోవద్దు."

పట్టించుకోకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. పోటీల్లో వాడే కాకు బరువు అయిదు గ్రాములు అటూ ఇటూ. దానికి పదహారు ఈకలు. ఆ ఈకలు గాలిని పట్టుకుని కాకుని వెనక్కి లాగుతాయి. రాకెట్ నుంచి విడిపడిన క్షణంలో ఎంత వేగమైనా ఉండనివ్వండి, అవతలివాడి దగ్గరికి చేరేసరికి అందులో సగం కూడా మిగలదు. 565 అన్నది మొదటి క్షణం లెక్క. అందుకే స్మాష్‌ని ఎత్తగలిగేవాళ్లున్నారు. లేకపోతే డబుల్స్ అనే ఆటే ఉండేది కాదు.

"ఒప్పుకున్నారు కదా! అయితే ఏడు ఖాయం" అన్నారు రాజుగారు.

"ఆగండి. మలేసియా జోడీ ఆరన్ చియా, సో వూయ్ యిక్ తెలుసు కదా? 2022లో ప్రపంచ చాంపియన్లు. వాళ్లమీద మనవాళ్లు వరసగా ఎన్నిసార్లు ఓడారో తెలుసా? ఎనిమిది. ఆ ఎనిమిదిసార్లూ సాత్విక్ చెయ్యి అదే, స్మాష్ అదే. 2023 జూన్‌లో ఇండోనేసియా ఓపెన్ ఫైనల్లో తొమ్మిదోసారి ఎదురుపడ్డారు. 21-17, 21-18. మనవాళ్లు గెలిచారు. సూపర్ 1000 స్థాయి టోర్నీలో మన దేశపు డబుల్స్ జోడీ కప్పు కొట్టడం అదే మొదలు. మళ్లీ 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్లో అదే జోడీ ఎదురైంది. మొదటి గేము 21-13తో మనదే. తర్వాత రెండూ 14-21, 16-21. ఇంటికొచ్చేశారు. ఇప్పుడు చెప్పండి, స్మాష్ వల్ల గెలిచారా, స్మాష్ లేక ఓడారా?"

"మరి దేనివల్ల?"

మాస్టారు చెప్పలేదు. లేచి కోర్టులోకి వెళ్లారు.

ఆయన జేబులో ఎప్పుడూ ఓ పురికొస ఉండ ఉంటుంది, నెట్ ఊడితే కట్టడానికి. నెట్ స్తంభాలకి రెండు కర్రలు నిలబెట్టి, నెట్ అంచుకి నాలుగు వేళ్ల ఎత్తున ఆ పురికొస అడ్డంగా లాగి కట్టారు. "సర్వీసు చెయ్యండి రాజుగారూ. పురికొస కిందనుంచి, నెట్ మీదనుంచి. అంతే."

రాజుగారు బ్యాక్‌హ్యాండ్‌లో కాకు పట్టుకుని నిలబడ్డారు. మొదటిది పురికొస మీద జానెడు ఎత్తున పోయింది. "అది లెక్కలోకి రాదు, చెయ్యి వేడెక్కలేదు" అన్నారు. రెండోది నెట్‌కి కొట్టుకుని ఇవతలే పడింది. తర్వాతది పురికొసకి తగిలి గిరగిరా తిరిగింది. ఒకటి మాత్రం సందులోంచి దూరి వెళ్లింది గానీ, అవతలి సర్వీసు గీతదాకా పోకుండా ముందే పడిపోయింది. చూస్తున్న కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. గోదావరి జిల్లాల్లో చప్పట్లలో కూడా వెటకారం ఉంటుంది.

నిబంధన ప్రకారం కాకుని నేలనుంచి 1.15 మీటర్ల లోపు ఎత్తులోనే కొట్టాలి. నెట్ మధ్యలో ఎత్తు 1.524 మీటర్లు. అంటే కాకు పైకి లేవాలి, నెట్ దాటగానే కిందికి వాలాలి. నెట్ నుంచి 1.98 మీటర్ల దూరంలో ఉన్న గీత వెనకాలే అవతలివాడు రాకెట్ పైకెత్తి ముందుకు వంగి నిలబడి ఉంటాడు. నెట్ మీద కాకు జానెడు లేచిందా, కిందికి దిగకముందే కొట్టిపారేస్తాడు. పాయింటు అయిపోయింది. స్మాష్ దాకా వ్యవహారం వెళ్లదు.

"మన సర్వీసులు అన్నీ జానెడు పైన పోయేవే" అన్నారు మాస్టారు పురికొస విప్పుతూ. "మనలో మనకి అవి ముద్దుగానే ఉంటాయి, అవతలివాడూ మనలాంటివాడే కాబట్టి. అక్కడ మనం సర్వీసు చేసిన ప్రతిసారీ పాయింటు పోతుంది. వాళ్లు సర్వీసు చేస్తే మనం కాకు ఎత్తి ఇవ్వడం తప్ప ఏం చెయ్యలేం. ఎత్తి ఇచ్చాక ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ ఏడు పాయింట్లు ఏ దారిన వస్తాయో చూపించండి."

ఈ పురికొస ముక్క ముందు పందెం ఓడినట్టే. కానీ రాజుగారికి అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు. వెళ్లినప్పుడల్లా ఏదో ఒక ఆట చూపిస్తుంటాడు. వాదన అటు లాగారు.

"షటిల్ అంటే సున్నితం, వదిలెయ్యండి. అక్కడ బేస్‌బాల్ అని ఒకటుంది. వాళ్ల జట్లలో వాళ్లే ఆడుకుంటారు. ముప్పై జట్లుంటే ఇరవైతొమ్మిది అమెరికావి, ఒకటి టొరంటోది. కప్పుకి పేరు వరల్డ్ సిరీస్! అంత చిన్న గూట్లో ఆడుకునేవాళ్లు ప్రపంచంలో మేటి అని ఎలా చెప్తారండీ? మన క్రికెట్ కుర్రాళ్లని రెండేళ్లు కూర్చోబెట్టి నేర్పితే ఆడేస్తారు."

ఈ మాటలో కొంత పస ఉంది. ఎంతమందిలోంచి ఏరి తెచ్చారన్నదాన్నిబట్టే ఆటగాడి విలువ కట్టాలి. ఊళ్లో పదిమంది ఆడే ఆటలో మొదటివాడు వేరు, ఇండోనేసియా, చైనా, మలేసియా, డెన్మార్క్ పిల్లలు బడి వయసునుంచి ఆడే ఆటలో మొదటివాడు వేరు. కానీ "నేర్పితే ఆడేస్తారు" అన్న మాటని పరీక్ష పెట్టి చూసినవాళ్లున్నారు. అదీ మన దేశంలోనే.

"2008లో మన దగ్గరే టీవీ పోటీ పెట్టారు కదండీ" అన్నారు మాస్టారు. "మిలియన్ డాలర్ ఆర్మ్ అని. బంతి గట్టిగా విసరగలిగే కుర్రాళ్లకోసం దేశమంతా వేలమందిని చూశారు. ఉత్తరప్రదేశ్ పల్లెటూళ్లనుంచి జావెలిన్ విసిరే రింకూ సింగ్, దినేశ్ పటేల్ నెగ్గారు. అమెరికా తీసుకెళ్లి నేర్పారు. ఆ ఏడాది చివర్లోనే పిట్స్‌బర్గ్ పైరేట్స్‌వాళ్లు ఒప్పందం రాసుకున్నారు. కింది లీగుల్లో ఆడారు. మేజర్ లీగ్ మెట్టు మాత్రం ఇద్దరూ ఎక్కలేదు."

"చూశారా!" రాజుగారు ఎగిరి గంతేసినంత పని చేశారు. "జన్మలో ఆ బంతి ముట్టుకోని పల్లెటూరి పిల్లలకి ఏడాది తిరక్కుండా అమెరికా జట్టు సంతకం పెట్టించుకుందా లేదా? ఇది నాకు సాక్ష్యమా, మీకా?"

ఒకే సాక్ష్యం రెండువైపులా నిలబడింది. చెయ్యిలో బలం ఉంటే గుమ్మందాకా చేరొచ్చని రాజుగారి లెక్క. గుమ్మందాకానే అని మాస్టారి లెక్క. మైకేల్ జోర్డాన్ కథా ఇలాంటిదే. బాస్కెట్‌బాల్‌లో తనకి సాటిలేని రోజుల్లో, 1994లో ఆయన బేస్‌బాల్‌లోకి దిగాడు. మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కిందున్న బర్మింగ్‌హామ్ బారన్స్ జట్టులో ఆ సీజనంతా ఆడి .202 సగటు తెచ్చుకున్నాడు. ఆ ఆట లెక్కలో అది నాసిరకం సగటు. ముప్పై ఒక్కేళ్ల వయసులో, బడి రోజుల తర్వాత మళ్లీ మొదలుపెట్టి ఆ మాత్రం కొట్టడం గొప్పేనని, ఇంకొంతకాలం ఆడి ఉంటే పైకి వెళ్లేవాడేనని అప్పటి మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా తర్వాత చెప్పాడు. అలాంటి దేహం, అలాంటి పట్టుదల ఉన్నవాడికే రెండో ఆట అంత కష్టపడితే గానీ లొంగలేదు. మామూలువాడి సంగతి అడగనే అక్కర్లేదు.

బాస్కెట్‌బాల్ మాట ఎత్తాక మాస్టారు బ్రయాన్ స్కాలబ్రీనీ కథ చెప్పకుండా ఉండలేకపోయారు. ఎన్‌బీఏలో పదకొండు సీజన్లు ఆడినా ఎక్కువ కాలం బెంచీ మీదే కూర్చున్నవాడు. మ్యాచ్‌కి సగటున మూడు పాయింట్లు. ఇంతోటివాణ్ణి మేమూ ఓడిస్తామని జనం ఎగతాళి చేసేవారు. ఆట మానేశాక, 2013లో బోస్టన్ రేడియోవాళ్లు నిజంగానే పోటీ పెట్టారు. కాలేజీ జట్లకి ఆడినవాళ్లతో సహా నలుగురు గట్టివాళ్లని ఏరి, పదకొండు పాయింట్లకి ఒక్కొక్కరితో ఆడించారు. నాలుగు ఆటలూ కలిపితే స్కోరు 44-6.

"నలుగురికీ కలిపి ఆరండి" అన్నారు మాస్టారు. "నేను మీకు రెండిచ్చాను. ఉదారంగా ఇచ్చినట్టే."

"ఆయన ఎత్తెంత?"

"ఆరడుగుల తొమ్మిది."

"ఇంకేం! ఆ ఎత్తుతో బుట్టలో వేస్తుంటే ఎవడు ఆపుతాడు? అది ఆట గొప్పా, ఎముకల గొప్పా?"

ఇక్కడ మాత్రం రాజుగారి మాటే నెగ్గింది. బాస్కెట్‌బాల్‌లో ఎత్తుకున్నంత విలువ షటిల్‌లో లేదు. ఒక ఆటలో దొరికిన రుజువుని ఇంకో ఆటమీద అతికిస్తే నిలవదు. మాస్టారు ఒప్పుకుని, ఎత్తుతో పనిలేని ఉదాహరణ తీశారు.

2004లో అమెరికాలో ఒక ప్రదర్శన ఆట జరిగింది. ఆ ఏడాదే ఏథెన్స్ ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్న జెన్నీ ఫించ్, కిందనుంచి చెయ్యి తిప్పి బంతి విసురుతోంది. ఎదురుగా ఆల్బర్ట్ పూహోల్స్, మైక్ పియాజా, బ్రయన్ జైల్స్. ముగ్గురూ మేజర్ లీగ్‌లో పేరుమోసిన హిట్టర్లు. సాఫ్ట్‌బాల్ బేస్‌బాల్ కన్నా పెద్దది, వేగమూ తక్కువే. దూరం తక్కువ కాబట్టి చేరే సమయం మాత్రం ఇంచుమించు అంతే పడుతుంది. ముగ్గురూ ఆ బంతిని కొట్టలేక అవుటయ్యారు.

"అదీ మాట!" అన్నారు రాజుగారు. "కోట్లు పుచ్చుకునే మొనగాళ్లు ఆడపిల్ల విసిరిన బంతి కొట్టలేకపోయారు. ఇక వీళ్లేం గొప్పండీ?"

"అందులోనే ఉందండి అసలు సంగతి" అని మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "గంటకి నూటయాభై కిలోమీటర్ల పైన వచ్చే బేస్‌బాల్ కొట్టేవాడి దగ్గరికి చేరడానికి సెకనులో పదింట నాలుగు వంతులు పడుతుంది. కన్ను చూసి చెయ్యి కదలడానికే అందులో సగం పోతుంది. ఆ సగం మీకైనా నాకైనా పూహోల్స్‌కైనా పెద్ద తేడా ఉండదు. మరి వాళ్లెలా కొడుతున్నారు? బంతిని చూసి కాదు. విసిరేవాడి భుజం, మోచెయ్యి, మణికట్టు చూసి బంతి ఎక్కడికి రాబోతోందో ముందే పసిగడతారు. వేలసార్లు చూసి చూసి వచ్చిన జ్ఞానం అది. ఫించ్ కిందనుంచి విసిరేసరికి ఆ చదువంతా పనికిరాకుండా పోయింది. అప్పుడు వాళ్లూ మనలాంటివాళ్లే అయిపోయారు."

షటిల్‌లో ఇది పరీక్షించి చూసిన సంగతే. 1980ల్లో బ్రూస్ అబర్నెథీ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు బ్యాడ్మింటన్ ఆటగాళ్లకి ఫిల్ము వేసి, రాకెట్ కాకుకి తగలకముందే దాన్ని ఆపేసి, కాకు ఎక్కడ పడుతుందో చెప్పమన్నాడు. కొత్తవాళ్లు రాకెట్ కదలికనిబట్టే ఏదో చెప్పగలిగారు. ఆరితేరినవాళ్లు దానికి తోడు, ఇంకా ముందే, చేతి కదలికలోంచి కూడా చదివేశారు. అంటే రాజుగారు స్మాష్ కొట్టడానికి చెయ్యి ఎత్తుతున్నప్పుడే అవతలివాడు బయల్దేరి ఉంటాడు. రాజుగారు దాన్ని "అబ్బ, ఏం స్పీడు!" అంటారు. కాళ్లలో వేగం కొంత ఉంది. మిగతాది ముందే తెలిసిపోవడం. గ్యాలరీలో కూర్చున్నవాడికి కనబడనిది ఇదే. స్మాష్ చప్పుడు వినిపిస్తుంది, గిన్నిస్‌వాళ్లు కొలవగలరు. ముందే పసిగట్టడానికి చప్పుడు లేదు, మీటరు లేదు. మన ఊరి మొనగాడికీ వాళ్లకీ దూరం ఎంతో తెలియకపోవడం ఇక్కడే. తనకి లేదని కూడా తెలియని విద్యలో వెనకబడ్డవాడికి ఎంత వెనకబడ్డాడో ఎలా తెలుస్తుంది?

రాజుగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే అది అలవాటే కదా, అద్భుతం కాదు" అన్నారు. మాట సన్నగా వచ్చినా, చిన్న మాట కాదది.

"అలవాటేనండి. పదేళ్ల వయసునుంచి రోజూ పడితే వచ్చే అలవాటు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి తెలుసు కదా? టెస్టులు పదహారే ఆడాడు. జట్టులో చోటు నిలవలేదు. మనవాళ్లు ఆయనది 'జిడ్డు ఆట' అన్నారు. 2021 జనవరిలో సిడ్నీలో తొడకండరం పట్టేసి పరిగెత్తలేక, 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలబడి మ్యాచ్ కాపాడాడు. 2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్‌ఫైనల్. ఆవేశ్ ఖాన్ బంతికి మణికట్టు విరిగింది. కుడిచేతి బ్యాట్స్‌మన్ ఎడమచేతి వాటానికి తిరిగి నిలబడి, రెండో ఇన్నింగ్స్‌లో ఒంటిచేత్తో బ్యాటు తిప్పి 15 పరుగులు చేశాడు. అందులో ఫోర్లూ ఉన్నాయి. భారత జట్టుకి ఆడే ఫాస్ట్ బౌలర్‌ని, తనది కాని వాటంలో, విరిగిన చేత్తో! జట్టులో నిలవనివాడి స్థాయి అదండి. మన బృందంలో రెండు చేతులూ బాగున్నవాళ్లని ఆవేశ్ ఖాన్ ముందు నిలబెట్టి చూడండి."

"అది ధైర్యం అంటారు" అన్నారు రాజుగారు.

"ధైర్యంతో బంతి బ్యాటుకి తగలదు."

రాజుగారి చేతిలో ఇంకో ముక్క ఉంది. ఇంతసేపూ దాచుకున్నారు.

"సరే మాస్టారూ, దూరం ఉందనే ఒప్పుకుందాం. మనకీ వాళ్లకీ ఉంది. వాళ్లలో వాళ్లకి ఉందా? 2021లో టోక్యో ఒలింపిక్స్ గ్రూపులో మనవాళ్లు తైవాన్ జోడీ లీ యాంగ్, వాంగ్ చిలిన్ మీద 27-25 దాకా పోయి మూడో గేము గెలిచారు. మూడు మ్యాచ్‌లలో రెండు నెగ్గారు. అయినా గేముల లెక్కలో గ్రూపు దాటలేదు. మనవాళ్ల చేతిలో ఓడిన ఆ తైవాన్‌వాళ్లే చివరికి స్వర్ణం పట్టుకుపోయారు. మరి అప్పుడు ఎవరు గొప్ప? స్వర్ణం మెడలో వేసుకున్నవాడా, వాణ్ణి ఓడించి ఇంటికొచ్చినవాడా? పేపరువాళ్లు ఒకణ్ణి దేవుణ్ణి చేశారు, ఇంకొకణ్ణి మర్చిపోయారు. నా కోపం అదండి. ఆటమీద కాదు."

మాస్టారు దీనికి అడ్డు చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదు కూడా. ఆ ఎత్తులో ఇద్దరి మధ్య తేడా ఒకరోజు తడబడిన నాలుగు సర్వీసులే కావచ్చు. మన జోడీయే 2022 మేలో బ్యాంకాక్‌లో ఇండోనేసియాని 3-0తో ఓడించి థామస్ కప్ తెచ్చిన జట్టులో ఉంది. ఆ ఫైనల్లో రావులపాలెం శ్రీకాంతూ ఒక మ్యాచ్ గెలిచాడు. ఒక్క జిల్లా కుర్రాళ్లు ఇద్దరు మూడింట రెండు మ్యాచ్‌లలో చెయ్యి వేశారు. అదే ఏడాది బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ స్వర్ణం, 2023 అక్టోబరులో హాంగ్‌జౌలో ఆసియా క్రీడల స్వర్ణం. టోక్యోలో గ్రూపు దాటనివాళ్లే వీళ్లు. అక్కడా ఇక్కడా ఆట అదే. ఫలితాలే పక్కపక్కన పెడితే ఒకళ్ల కథలా కనబడవు. పతకాల పట్టిక చూసి ఆటగాడి స్థాయి తేల్చడం, స్మాష్ అంకె చూసి తేల్చడం రెండూ ఒకలాంటి తొందరపాటేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. రాజుగారు రెండోదాన్ని పొద్దున్నే పట్టేశారు. మొదటిదాన్ని టీ అయిపోయేలోపు పట్టేశారు. పురికొస దగ్గర మాత్రం చిక్కుకున్నారు.

ఎండెక్కింది. చెరువులకి మేత వేసే వేళ కావస్తోంది. రాజుగారు బండి తాళం తీస్తూ ఆగారు.

"మా మనవడు సెలవులకి వస్తున్నాడు మాస్టారూ. తొమ్మిదేళ్లు. చెయ్యి మంచి బలం. తీసుకొస్తాను, ముందు స్మాష్ నేర్పండి."

"ముందు సర్వీసండి. దాని తర్వాత అడుగులు. కాకు ఇవ్వను. ఖాళీ కోర్టులో మధ్యనుంచి మూలమూలకీ వెళ్లి రావడం, అంతే. ఓ నెల."

"కాకు లేకుండానా? వాడు మూడోరోజు మానేస్తాడు."

"చాలామంది మానేస్తారు. మీరు ఎన్నోరోజున మానేశారు?"

"నేనా?" అంటూ రాజుగారు కిక్కు కొట్టారు. "ఆ రోజుల్లో ఇవన్నీ చెప్పడానికి ఇక్కడ ఎవడున్నాడండీ, మానెయ్యడానికి!"